డీజిల్ కారు స్టార్ట్ కావట్లేదా? పార్టు మార్చే ముందు మీటరు పెట్టండి

మే నెల మధ్యాహ్నం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర పని ముగించుకుని వచ్చి తాళం తిప్పితే బండిలో చలనం ఉండదు. పక్కన సోడా తాగుతున్న ఆయన "బ్యాటరీ పోయిందండీ" అంటాడు. ఆటో స్టాండులో ఉన్నాయన "సెల్ఫ్ జామ్ అయింది" అంటాడు. ఇంటికి ఫోన్ చేస్తే బావమరిది "హీటర్ ప్లగ్గులు మార్పించు బావా" అంటాడు. ముగ్గురి మాటా విని ముగ్గురు చెప్పినవీ మార్పించుకున్న బండ్లు ఆటోనగర్‌లో రోజూ కనిపిస్తాయి. ఖర్చంతా అయ్యాక తేలేదేమిటంటే, గేర్‌బాక్సు కింద, ఇంజన్‌ని బ్యాటరీ మైనస్‌తో కలిపే ఒక ఎర్త్ పట్టీ చిలుము పట్టి వదులైపోయింది.

"స్టార్ట్ కావట్లేదు" అన్న ఒక్క మాటలో మూడు వేర్వేరు జబ్బులున్నాయి. తాళం తిప్పితే ఏమీ జరగకపోవడం ఒకటి. టక్‌మని ఊరుకోవడమో, ముసలి ఎద్దు బండి లాగినట్టు ఈడుస్తూ తిరగడమో రెండోది. సెల్ఫ్ హుషారుగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోవడం మూడోది. ఒక్కోదానికి వెతకాల్సిన వైర్లు వేరు. మెకానిక్కుకి ఫోన్ చేసినప్పుడు "బండి స్టార్ట్ అవట్లేదు" అనకుండా ఈ మూడింటిలో ఏదో చెబితే ఆయన ఏ సామాను సంచిలో వేసుకోవాలో ముందే తెలుస్తుంది.

ఇప్పుడు రోడ్ల మీదున్న చిన్న డీజిల్ కార్లలో చాలావరకు పాతవే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు అమల్లోకి వచ్చేసరికి మారుతీ సహా కొన్ని కంపెనీలు చిన్న డీజిల్ ఇంజన్లు మానేశాయి. అంటే మన వీధిలో ఉన్న డీజిల్ స్విఫ్టో, డిజైరో రెండో బ్యాటరీయో మూడో బ్యాటరీయో మీద నడుస్తోంది. దాని వైర్లు ఎన్నో కోస్తా ఎండలు చూశాయి. ఈ వయసు బండిలో పార్టు చెడిపోవడం కన్నా జాయింటు చెడిపోవడం ఎక్కువ. జాయింటు కంటికి బాగానే కనిపిస్తుంది, అక్కడే అందరూ బోల్తా పడతారు.

డీజిల్‌కి ఇంత కరెంటు ఎందుకు

పెట్రోలు ఇంజన్ గాలిని పది పదకొండు రెట్లు నొక్కుతుంది. డీజిల్ ఇంజన్ 16 నుంచి 18 రెట్లు నొక్కాలి, ఎందుకంటే ఇందులో స్పార్క్ ప్లగ్గు లేదు, నొక్కుడుకి పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఆ బరువుని తిప్పడానికి సెల్ఫ్ మోటారు నిలకడగా తిరిగేటప్పుడే 150 నుంచి 300 ఆంపియర్లు లాగుతుంది. మొదటి క్షణంలో అంతకన్నా ఎక్కువ.

ఇక్కడ చిన్న లెక్క చేయాలి, మిగతా వ్యాసమంతా దీని మీదే నడుస్తుంది. వైరు చివర బోల్టుకి బిగించే లోహపు ఉంగరం (లగ్గు) దగ్గర 0.01 ఓము నిరోధం చేరిందనుకుందాం. ఓములో నూరో వంతు. 200 ఆంపియర్లు పోయేటప్పుడు అక్కడ 2 వోల్టులు పోతాయి. బ్యాటరీ 10.5 ఇస్తుంటే సెల్ఫ్‌కి చేరేది 8.5. పోయిన రెండు వోల్టులూ 400 వాట్ల వేడిగా మారి ఆ లగ్గు దగ్గరే కూర్చుంటాయి, దాదాపు సగం ఇస్త్రీ పెట్టె. అదే వైరుని విప్పి మల్టీమీటరులో ఓమ్స్ పెట్టి చూస్తే "బాగుంది" అనే చెబుతుంది. మామూలు మీటరు తీగలకే 0.2 ఓము దాకా ఉంటుంది, నూరో వంతు దానికి ఎక్కడ కనపడాలి?

అందుకే సెల్ఫ్ లైనులో ఓములు కొలవడం దండగ. కరెంటు పారుతున్నప్పుడు ఎక్కడ ఎన్ని వోల్టులు మింగుడు పడుతున్నాయో కొలవాలి. దీన్నే వోల్టేజ్ డ్రాప్ టెస్ట్ అంటారు. రెండు నిమిషాల పని, మనిషి సాయం ఉంటే చాలు.

సామాను కూడా పెద్దగా అక్కర్లేదు. ఒక డిజిటల్ మల్టీమీటరు, ఇండికేటరులో వాడే 21 వాట్ల బల్బుకి రెండు వైర్లు అంటించిన టెస్ట్ ల్యాంపు, మందపాటి జంపర్ కేబుళ్లు, కుదిరితే బండి కంప్యూటరులోని కోడ్లు చదివే ఓబీడీ స్కానర్. బల్బు ఎందుకంటే, వంద పోగుల్లో ఒక్క పోగు మిగిలిన వైరు కూడా మీటరుకి 12 వోల్టులు చూపిస్తుంది, మీటరు కరెంటు లాగదు కాబట్టి. 21 వాట్ల బల్బు ఒకటిముప్పావు ఆంపియర్ లాగుతుంది. ఆ బరువుకి ఒంటి పోగు నిలబడదు, బల్బు గుడ్డిగా వెలుగుతుంది. ఒక్క జాగ్రత్త: ఈ బల్బు కరెంటు వైర్ల మీద, ఎర్త్‌ల మీద మాత్రమే. ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటరు, నుంచి సెన్సార్లకు పోయే సన్న వైర్ల మీద పెడితే ఈసీయూకే ఎసరు.

బ్యాటరీ చెప్పే మూడు కథలు

ముందు తాళం తీసేసి, హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆర్పండి. అప్పటిదాకా పైపైన ఉన్న చార్జింగ్ తేలిపోయి అసలు సంగతి బయటపడుతుంది. తర్వాత బ్యాటరీ మీద మీటరు పెడితే 12.6 దాకా ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 కి వస్తే పావు. 10.5 దగ్గర ఆగిపోతే ఆరు సెల్లులలో ఒకటి చచ్చిందని చాలావరకు చెప్పొచ్చు, ఒక్కో సెల్లు 2.1 వోల్టులు కదా. మూతలు తీసే రకం బ్యాటరీ అయితే హైడ్రోమీటరుతో యాసిడ్ చిక్కదనం (గ్రావిటీ) చూడండి. నిండు సెల్లు 1.260 నుంచి 1.280 చూపిస్తుంది. ఆరింటిలో ఒకటి మిగతా వాటికన్నా 0.050 పైన తక్కువుంటే చార్జింగ్ పెట్టినా ఆ బ్యాటరీకి ఆయుష్షు లేదు.

కానీ ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 చూపించినంత మాత్రాన మంచిదని కాదు. పడక కుర్చీలో కూర్చున్న మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తాడు, మెట్లెక్కితే కదా ఆయాసం తెలిసేది. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, వేరే మనిషిని తాళం తిప్పమనండి. ఆ నాలుగైదు సెకన్లు మీటరు పిన్నులు బ్యాటరీ సీసపు మొలల మీదే ఆనించి పట్టుకోండి, క్లాంపుల మీద కాదు. మీటరు మూడు కథల్లో ఒకటి చెబుతుంది.

తాళం తిప్పినా మీటరు 12.5 దగ్గర కదలకుండా ఉండి, సెల్ఫ్ తిరగలేదు అంటే కరెంటు అసలు పారడం లేదు. దారి ఎక్కడో తెగింది. బ్యాటరీ మారిస్తే ఏం లాభం?

మీటరు 11 పైనే ఉండి, సెల్ఫ్ మాత్రం ఈడుస్తూ తిరుగుతుంటే దారిలో నిరోధం ఉంది, లేదా సెల్ఫ్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు అరిగాయి. బ్యాటరీ ఇవ్వడానికి సిద్ధంగా ఉంది, తీసుకెళ్లేవాడు లేడు.

మీటరు 9.6 కిందికి జారి, ఏడుకో ఆరుకో పడిపోతుంటే రెండే అవకాశాలు: బ్యాటరీ చచ్చింది, లేదా సెల్ఫ్ మోటారు అతిగా లాగుతోంది. ఇది తేల్చడానికి మంచి బ్యాటరీని జంపర్‌తో కలపండి. హుషారుగా తిరిగితే తప్పు పాత బ్యాటరీది. అప్పుడూ ఈడుస్తూ, కేబుళ్లు చేతికి కాలుతుంటే సెల్ఫ్ బుష్షులు అరిగి లోపల తిరిగే ఆర్మేచర్ రాసుకుంటోంది. ఇంజనే బిగుసుకుందేమో కూడా చూడాలి. క్రాంక్ పుల్లీ బోల్టుకి స్పానర్ పెట్టి చేత్తో తిప్పితే తెలిసిపోతుంది.

ఇక్కడి ఎండల సంగతి ఒక మాట. బ్యాటరీని చలి చంపుతుందని అందరూ చదివే ఉంటారు. అది చలి దేశాల మాట. మనకు చంపేది వేడి. 45 డిగ్రీల ఎండలో, బానెట్ కింద ఇంకా ఎక్కువ వేడిలో, ప్లేట్లు తొందరగా తుప్పు పడతాయి, నీళ్లు ఆవిరైపోతాయి. దెబ్బ తగిలేది మేలో, బయటపడేది మాత్రం తొలకరికి రాత్రంతా వాన పడ్డ మర్నాడు పొద్దున. అందుకే "నిన్నటిదాకా బాగానే ఉందండీ" అన్న మాట జూన్, జూలైల్లో ఎక్కువగా వినపడుతుంది.

ఎర్త్: అందరూ చివర చూసేది, ముందు చూడాల్సింది

రెండో కథ వచ్చిందనుకోండి, మీటరుతో దారిని ముక్కలుగా కొలవాలి. ఎర్ర పిన్ను బ్యాటరీ ప్లస్ మొల మీద, నల్ల పిన్ను సెల్ఫ్ మీద మందపాటి కేబుల్ వచ్చి బిగిసే స్టడ్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.5 వోల్టు లోపు ఉంటే ఆ కేబుల్ మంచిదే. తర్వాత ఒక పిన్ను బ్యాటరీ మైనస్ మొల మీద, రెండోది ఇంజన్ దిమ్మ మీద, పెయింటు లేని చోట. ఇక్కడ 0.2, మహా అయితే 0.3 దాటకూడదు. ఒకటిన్నరో రెండో చూపిస్తే దొంగ దొరికినట్టే.

ఆ దొంగ ఎలా ఉంటాడో దగ్గర్నుంచి చూడాలి. బ్యాటరీ మైనస్ నుంచి ఒక వైరు బాడీకి, ఇంకొకటి ఇంజన్‌కో గేర్‌బాక్సుకో వెళ్తుంది. కొన్ని బండ్లలో బాడీకీ ఇంజన్‌కీ మధ్య అల్లిన రాగి పట్టీ విడిగా ఉంటుంది. గేర్‌బాక్సు బోల్టు కింద పళ్ల వాషరు, దాని కింద లగ్గు. పైకి చూస్తే బోల్టు బిగువుగానే ఉంటుంది. విప్పి లగ్గు తిప్పి చూడండి: రాగి రంగు పోయి నల్లగానో పచ్చగానో పొర కట్టి ఉంటుంది, పట్టీ పోగులు వేళ్ల మధ్య నలిపితే పిండిలా రాలతాయి. గేర్‌బాక్సు దింపి క్లచ్ ప్లేట్లు మార్చిన బండ్లలో ఈ పట్టీ బిగించడం మరిచిపోవడం కూడా మామూలే. ఎర్త్ దారి మూసుకుపోతే కరెంటు ఊరుకోదు, గేర్ కేబుల్ గుండానో, మరో ఇనుప తీగ గుండానో దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు గేర్ కేబుల్ దగ్గర కాలిన వాసన వస్తే ఇదే కారణం.

మీటరు లేకపోయినా దీనికి ఒక చిట్కా ఉంది. జంపర్ కేబుళ్లలో నల్లది తీసుకుని ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస నేరుగా ఇంజన్ దిమ్మకి పట్టించి సెల్ఫ్ కొట్టండి. బండి టక్కున స్టార్ట్ అయిందా, ఎర్త్ పట్టీ మార్చుకుని ఇంటికెళ్లండి.

మొలకీ క్లాంపుకీ మధ్య కూడా ఇలాగే కొలవాలి. తెల్లటి, నీలి పొడి కనిపిస్తే వేణ్ణీళ్లలో వంటసోడా కలిపి పోసి, కడిగి, గరుకు కాగితంతో రుద్ది, బిగించాక పైన వాజిలీన్ రాయాలి. లోపల రాయకూడదు. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. స్పానర్ బాడీకి తగిలి నిప్పు రవ్వలు రాకుండా ఉండేది ఈ వరసతోనే.

టక్, టకటకటక, నిశ్శబ్దం

సెల్ఫ్ మీద కూర్చున్న చిన్న డబ్బా సొలనాయిడ్. అందులో రెండు చుట్లుంటాయి, ఒకటి ప్లంజర్‌ను లాగేది, రెండోది పట్టి ఉంచేది. ప్లంజర్ లోపలికి వెళ్లి సెల్ఫ్ చివరి చిన్న గేరు (బెండిక్స్) పళ్లను ఇంజన్ చక్రం (ఫ్లైవీల్) పళ్లకి తగిలించి, చివర్లో పెద్ద కాంటాక్టులు మూస్తుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే కాంటాక్టులు మూసుకోగానే వోల్టేజీ కుప్పకూలుతుంది, పట్టి ఉంచే చుట్టుకి బలం చాలదు, ప్లంజర్ వెనక్కొస్తుంది. వెనక్కి రాగానే వోల్టేజీ కోలుకుంటుంది, మళ్లీ లాగుతుంది. ఆ టకటకటక అదే. అంటే నీరసపు బ్యాటరీ, లేదా చెడ్డ కనెక్షను. సెల్ఫ్ విప్పే పని లేదు.

ఒకే ఒక్క గట్టి "టక్" వినపడి ఆగిపోతే, లైట్లు కూడా పెద్దగా డిమ్ కాకపోతే, సొలనాయిడ్ లాగింది గానీ కాంటాక్టులు మాడిపోయాయి, లేదా కార్బన్లు అయిపోయాయి. సెల్ఫ్ బాడీ మీద చెక్కతో తడితే ఒకసారి తిరుగుతుంది, ఆ ఒక్కసారితో నేరుగా రీవైండింగ్ కొట్టుకి వెళ్లాలి. టక్‌మన్నప్పుడు లైట్లు పూర్తిగా ఆరిపోతుంటే మాత్రం పైన చెప్పిన కనెక్షన్ల దగ్గరికే వెనక్కి రండి.

ఏ చప్పుడూ లేకపోతే సొలనాయిడ్‌కి ఆజ్ఞే అందలేదన్నమాట. దాని సన్న వైరు బిగిసే చోట 50 అన్న అంకె ఉంటుంది. మందపాటి స్టడ్డు 30. తాళం స్టార్టులో ఉండగా 50 దగ్గర టెస్ట్ ల్యాంపు బాగా వెలిగితే తప్పు సెల్ఫ్‌దే. వెలగకపోతే వెనక్కి నడవాలి. స్టార్టర్ రిలే ముందు. అదే సైజు, అదే నంబర్ల హారన్ రిలేతో మార్చి చూడటం పది సెకన్ల పని. తర్వాత ఫ్యూజు. క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యే బండి అయితే పెడలు దగ్గరి చిన్న స్విచ్చి, ఆటోమేటిక్ అయితే లివరు పార్కు నుంచి న్యూట్రల్‌కి మార్చి చూడటం. క్లచ్ స్విచ్చిని ఆనించే ప్లాస్టిక్ గుండీ విరిగి కాలి కింద పడి ఉండటం చాలా బండ్లలో జరిగేదే. దాని కోసం వైరింగ్ కిట్టు మొత్తం విప్పే మెకానిక్కులూ ఉన్నారు. తాళం గుర్తు లైటు డాష్‌బోర్డు మీద ఆగకుండా మిణుకుతుంటే దొంగ తాళాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్ మీ తాళంలోని చిప్పుని గుర్తుపట్టలేదు. రెండో తాళంతో ప్రయత్నించండి.

30నీ 50నీ స్క్రూడ్రైవరుతో కలిపి స్టార్ట్ చేసే పాత విద్య ఉంది. గేరులో ఉన్న బండి మనిషి మీదికి దూకింది ఆ విద్యతోనే. చేయకండి.

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు

ఇక్కడ ఈసీయూ చెప్పినట్టు డీజిల్ కొట్టే కామన్ రైల్ బండికీ, మెకానికల్‌గా కొట్టే పాత రోటరీ పంపు బండికీ దారులు వేరవుతాయి. పాతదానికి హీటర్ ప్లగ్గుల సంగతి పక్కన పెడితే ఒక్కటే ఎలక్ట్రికల్ ప్రశ్న: పంపు మీద డీజిల్‌ను ఆపే, వదిలే స్టాప్ సొలనాయిడ్‌కి 12 వోల్టులు వస్తున్నాయా? తాళం ఆన్ చేయగానే పంపు మీద చిన్నగా టిక్ వినపడాలి. రాకపోతే ఫ్యూజు, వైరు చూడాలి. వచ్చినా స్టార్ట్ కాకపోతే విషయం చాలావరకు ఎలక్ట్రికల్ కాదు, డీజిల్ లైనులో ఎయిర్ పట్టి ఉండొచ్చు.

కామన్ రైల్‌లో ఈసీయూ అనుమతి లేనిదే చుక్క డీజిల్ కూడా సిలిండరులో పడదు. తాళం ఆన్ చేసినప్పుడు ఇంజన్ చెక్ లైటు వెలగాలి. అదే వెలగకపోతే ఈసీయూ నిద్ర లేవలేదు: మెయిన్ రిలే, దాని ఫ్యూజు, ఈసీయూ ఎర్త్. స్కానర్ పెట్టినా మాట్లాడదు. స్కానర్‌దే తప్పేమోనని అనుమానముంటే ఓబీడీ సాకెట్టులో 16వ పిన్నుకీ 4వ పిన్నుకీ మధ్య బ్యాటరీ వోల్టేజీ ఉందో లేదో చూడండి. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే కాన్ లైను ఉన్న బండి అయితే బ్యాటరీ విప్పి 6, 14 పిన్నుల మధ్య 60 ఓములు రావాలి, లైను రెండు చివర్లా 120 ఓముల నిరోధాలు సమాంతరంగా ఉంటాయి కాబట్టి. 120 వస్తే ఒక వైపు తెగింది.

ఈసీయూ లేచిందనుకుందాం. స్కానర్‌లో లైవ్ డేటా తెరిచి సెల్ఫ్ కొట్టి నాలుగు అంకెలు చూడాలి: ఆర్పీఎం, రైల్ ప్రెషరు, ఈసీయూకి అందే వోల్టేజీ, ఇమ్మొబిలైజర్ స్థితి. ఆర్పీఎం సున్నా అంటే క్రాంక్ సెన్సార్ సంకేతం లేదు. ఇంజన్ తిరుగుతోందనే ఈసీయూకి తెలియదు, ఇక డీజిల్ ఎందుకు కొడుతుంది? ఆర్పీఎం 200 దాకా ఉండి రైల్ ప్రెషరు 200 బార్‌కి చేరకపోతే డీజిల్ వైపు చూడాలి. ఫిల్టరు, ఎయిర్, నాజిళ్ల రిటర్న్ లీకు, పంపు మీటరింగ్ వాల్వు. ఈ కొసన ఎలక్ట్రీషియన్‌కి పని తక్కువ, పంపు మెకానిక్కుకి ఎక్కువ. రెండూ బాగుండి ఈసీయూ వోల్టేజీ సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ ఏడెనిమిదికి పడుతుంటే ఈసీయూ మధ్యలో రీసెట్ అవుతోంది. అంటే సెల్ఫ్ తిరుగుతున్నా దోషం బ్యాటరీదే కావచ్చు. ఇది చాలామందికి నమ్మబుద్ధి కాదు.

క్రాంక్ సెన్సార్ మన ఊళ్ల ఎండకి బాగా సరిపోయే జబ్బు. పొద్దున చక్కగా స్టార్ట్ అవుతుంది. గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లి, గంటసేపు నడిపిన బండిని ఆపి, పది నిమిషాల తర్వాత తిప్పితే అందుకోదు. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు లేస్తుంది. ఇంజన్ వేడి ఆపాక పైకి ఎక్కుతుంది, సెన్సార్ లోపలి సన్న తీగ చుట్టు వేడికి సాగి తెగుతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. తేల్చడానికి, అందుకోని సమయంలోనే సెన్సార్ మీద తడి గుడ్డ వేసి ఐదు నిమిషాలు ఆగండి. వెంటనే స్టార్ట్ అయితే అనుమానం దాదాపు తీరినట్టే. రెండు పిన్నుల రకం అయితే వేడిగా ఉన్నప్పుడు ఓములు చూడండి. కొన్ని వందల నుంచి వెయ్యి పైచిలుకు మామూలు, అంతులేదని చూపిస్తే పోయింది. మూడు పిన్నులది హాల్ రకం, దాన్ని ఓములతో కొలవకూడదు. దానికి కరెంటు, ఎర్త్ అందుతున్నాయో చూసి, సెల్ఫ్ తిరిగేటప్పుడు సంకేతం మారుతోందో లేదో చూడాలి.

స్కానర్ చూపించే కోడ్ల గురించి ఒక హెచ్చరిక. పీ 0335 అంటే "క్రాంక్ సెన్సార్ మార్చు" అని కాదు, క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లో ఏదో తేడా ఉందని. ఆ సర్క్యూట్‌లో సెన్సారూ ఉంది, ప్లగ్గూ ఉంది, మూరెడు వైరూ ఉంది. పీ 0340 క్యామ్ సెన్సార్‌ది, పీ 0087 రైల్ ప్రెషరు తక్కువైనప్పుడు, పీ 0562 వోల్టేజీ పడినప్పుడు. ఒకేసారి ఎనిమిది పది సెన్సార్ కోడ్లు వస్తే అన్ని సెన్సార్లూ ఒక్కరోజే చావవు. ఈసీయూ వాటన్నిటికీ ఇచ్చే 5 వోల్టుల లైను ఎక్కడో బాడీకి తగిలింది. మీటరు ఆ లైను మీద ఉంచి సెన్సార్ ప్లగ్గులు ఒక్కొక్కటీ పీకుతూ రండి. దేన్ని పీకితే 5 వోల్టులు తిరిగొస్తాయో అదే దోషి. రైల్ ప్రెషరు సెన్సార్ అయితే ఇంజన్ ఆగి ఉన్నప్పుడు దాని సంకేతపు వైరు సుమారు అర వోల్టు చూపించాలి.

ఇంజన్ నడుస్తుండగా నాజిల్ ప్లగ్గులు పీకి చూడటం, హైప్రెషర్ పైపు నట్టు వదులు చేసి డీజిల్ వస్తోందా అని చూడటం పాత ఇంజన్ల అలవాట్లు. కామన్ రైల్‌లో నాజిల్‌కి వెళ్లే వోల్టేజీ ఎనభై దాకా ఉంటుంది, పైపులో ఒత్తిడి 1,600 బార్ దాకా పోతుంది. ఆ ఒత్తిడికి చిమ్మిన డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, ఆ గాయానికి ఆపరేషన్ గది దాకా వెళ్లాలి.

ఇక చలిలో స్టార్ట్ చేసేందుకు సిలిండరుని ముందే వేడెక్కించే హీటర్ ప్లగ్గులు. జనవరిలో కూడా విజయవాడలో తెల్లవారుజామున చలి 17, 18 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఆ చలికి ఆరోగ్యంగా ఉన్న కామన్ రైల్ ఇంజన్ హీటర్ ప్లగ్గు అక్కర్లేకుండానే అంటుకుంటుంది. కాబట్టి బండి స్టార్ట్ కాలేదని విజయవాడలో మొదట హీటర్ ప్లగ్గులు మార్చడం డబ్బు కాలవలో పోయడమే. పాత ఇండికా లాంటి, డీజిల్ ముందు ఒక చిన్న గదిలో అంటుకునే ప్రీచాంబర్ ఇంజన్ల సంగతి వేరు. ఆ గది గోడలు వేడిని మింగేస్తాయి, అందుకని వాటికి మామూలు పొద్దునే కూడా ప్లగ్గులు కావాలి. బావమరిది సలహా అక్కడ నప్పుతుంది.

రాత్రికి రాత్రే డౌన్ అయ్యే బ్యాటరీ

బ్యాటరీ కొత్తది, చార్జింగ్ బాగుంది, రెండు రోజులు ఆపితే చాలు లేవదు. ఏదో కరెంటు తాగుతోంది. తాళం తీసి, డోర్లు వేసి, అరగంట ఆగాక బండి 50 మిల్లీ ఆంపియర్లు లోపే తాగాలి. అదే 500 తాగితే రోజుకి 12 ఆంపియర్ అవర్లు, 50 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం రెండు రోజుల్లో ఖాళీ. ఎక్కువగా దొరికేది బయట బిగించిన సామానే: పెద్ద తెర స్టీరియో, డ్యాష్ కెమెరా, జీపీఎస్ ట్రాకర్, ఎల్‌ఈడీ లైట్లు. ఫ్యూజులు పీకుతూ వెతికితే నిద్రపోయిన మాడ్యూళ్లు లేచి లెక్క తప్పుతుంది. ఫ్యూజు నెత్తి మీద రెండు చిన్న రంధ్రాలుంటాయి, మీటరు మిల్లీవోల్టుల్లో పెట్టి వాటి మధ్య కొలవండి. ఏ ఫ్యూజు మీద సున్నా కాకుండా చదివితే ఆ లైనులో కరెంటు పారుతోంది. మీటరును ఆంపియర్లలో పెట్టి బ్యాటరీతో వరసలో కలిపినప్పుడు మాత్రం పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి, మీటరు ఫ్యూజు 10 ఆంపియర్లకే పోతుంది.

డైనమో వైపు: ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.7 ఉండాలి. ఏసీ, హెడ్‌లైట్లు వేసినా 13.5 కిందికి రాకూడదు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "డైనమో పనిచేస్తోందో లేదో" చూసే అలవాటు ఇంకా కొన్ని షెడ్లలో ఉంది. ఆ క్షణాన డైనమో వోల్టేజీ పదులు దాటి ఎగురుతుంది, ఈసీయూ దాన్ని తట్టుకోలేదు. ఎవరైనా మీ బండి మీద అది చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి.

తోయడం, జంపర్ పెట్టడం, లారీ సాయం

హైవే మీద ఆగిపోతే మొదట ఆగేది లారీయే. దాని బ్యాటరీలు రెండు పన్నెండులు కలిపి 24 వోల్టులు. లారీ డ్రైవరు మంచివాడే, లారీ వోల్టేజీ మీ ఈసీయూకి మంచిది కాదు. ఇంకో కారు దొరికేదాకా ఆగండి. ఎర్ర కేబుల్ డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, చివరి కొస మీ ఇంజన్ దిమ్మకి. సాయానికి వచ్చిన కారు ఇంజన్ ఐదు నిమిషాలు నడవనిచ్చి అప్పుడు మీ బండి సెల్ఫ్ కొట్టాలి. ప్లస్, మైనస్ తారుమారైతే డైనమో డయోడ్లు, మెయిన్ ఫ్యూజు ఆ సెకనులోనే పోతాయి.

తోసి స్టార్ట్ చేయడం పాత మెకానికల్ పంపు బండికి నప్పుతుంది. కామన్ రైల్‌లో ఈసీయూ మేలుకోవాలంటే ముందు కాస్త కరెంటు ఉండాలి. డాష్‌బోర్డులో లైట్లు కూడా వెలగని బండిని కృష్ణా వారధి ఇటు నుంచి అటు తోసినా ఇంజన్ అందుకోదు. ఆటోమేటిక్‌ని అసలు తోయకండి.

నీళ్లు, ఎలుకలు

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడ సింగ్‌నగర్ వైపు మునిగిన కార్లలో కొన్ని ఆ నెలలోనే బాగయ్యాయి, కొన్ని ఇంకా వేధిస్తూనే ఉంటాయి. నీళ్లలో మునిగిన డీజిల్ బండికి మొదటి నియమం సెల్ఫ్ కొట్టకపోవడం. సిలిండరులో నీళ్లుంటే అవి నొక్కుడికి లొంగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. రెండోది నెమ్మదిగా వచ్చే జబ్బు. కనెక్టరు పైకి ఆరినా వైరు తొడుగు లోపల రాగి పోగుల వెంట నీరు పైకి పాకుతుంది, నెలల తర్వాత వైరు లోపల పచ్చటి చిలుము పొడిగా మారుతుంది. డ్రైవరు కాళ్ల దగ్గరుండే ఫ్యూజు పెట్టె, సీట్ల కింది కనెక్టర్లు, కార్పెట్టు కింద ఎర్త్ బోల్టులు, ఇవే తరచూ దొరికేవి. ప్లగ్గు పీకి పిన్నులు చూసి మెరుస్తున్నాయని వదిలేయకుండా, వైరుని రెండు వేళ్లతో వంచి చూడండి. మంచి వైరు గట్టిగా వంగుతుంది, చిలుము తిన్నది లోపల విరిగిన అగ్గిపుల్లలా మెత్తగా జారుతుంది. అలాంటి చోట పచ్చదనం పోయి ఎర్ర రాగి కనిపించేదాకా కోసి, కొత్త ముక్క సోల్డర్ చేసి, జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు తొడగాలి. ఇన్సులేషన్ టేపు చుడితే వచ్చే వానాకాలం మళ్లీ అదే చోట.

కాలవ గట్టు ఇళ్ల దగ్గర, వరి కోతల తర్వాత, ఎలుకలు ఇంజన్ మీది వెచ్చటి చోటు వెతుక్కుని వస్తాయి. రాత్రి బాగున్న బండి పొద్దున సెల్ఫ్ తిరిగి అందుకోకపోతే స్కానర్ కన్నా ముందు టార్చి లైటు తీసుకోండి. ఇంజన్ పై కవరు ఎత్తి నాజిళ్లకు పోయే వైర్ల గుత్తిని చేత్తో తడుముతూ వెళ్లండి. కొరికిన చోట తొడుగు రవ్వలు, ఎలుక పెంటికలు కనిపిస్తాయి. ఒక వైరు అతికించి ఊరుకోకుండా గుత్తి టేపు విప్పి కింది వైపు కూడా చూడాలి, ఎందుకంటే ఎలుక కొరికేది చాలాసార్లు మనకు కనపడని పక్కనే.